వారంటు అక్కర్లేదు, డబ్బుంటే చాలు

(సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, ఎరువులు, కౌలు కార్డులు, పంట నష్టం – మనం ఎప్పుడు కూర్చున్నా మాట్లాడుకునే విషయాలు ఇవి. ఈ పూట నాకు అప్పగించిన విషయం వేరు. సెల్‌ఫోన్‌లో ప్రకటనల కోసం పోగయ్యే సమాచారం ప్రభుత్వాల చేతికి ఎలా చేరుతుందో చెప్పమన్నారు. ఇది పట్నం వాళ్ళ గొడవ అనుకోవద్దు. ధర్నాకు పోయే ప్రతి మనిషి జేబులోనూ ఇవాళ ఫోన్ ఉంది. నేను చెప్పేది ఎక్కువగా అమెరికాలో జరిగిన సంగతి. అక్కడ పత్రికలు తవ్వి తీశాయి, ప్రభుత్వ కాగితాలు బయటికి వచ్చాయి. కాబట్టి అక్కడి సంగతి రుజువులతో చెప్పుకోవచ్చు. అది అర్థమైతే మన సంగతి అర్థం చేసుకోవడం సులువు.

ముందు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చూద్దాం.

వాన కబురు తెలుసుకుందామని ఒక యాప్ తెరుస్తాం. కింద ఒక ప్రకటన కనిపిస్తుంది. అక్కడ ఎవరి ప్రకటన పడాలో ముందే నిర్ణయమై ఉండదు. మనం యాప్ తెరిచిన క్షణంలోనే ఆ జాగాకు వేలం పాట జరుగుతుంది. రెప్పపాటులో మొదలై రెప్పపాటులో ముగుస్తుంది. పాటలో పాల్గొనే కంపెనీలన్నిటికీ మన గురించి ఒక చీటీ వెళ్తుంది. ఫోన్ ఏ రకం, ఏ యాప్ తెరిచాం, ఎక్కడ ఉన్నాం అనేవి అందులో ఉంటాయి. ఎక్కడ ఉన్నామన్నది చాలాసార్లు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటుంది. వీటితో పాటు ఒక నంబరు ఉంటుంది. దాని పేరు అడ్వర్టైజింగ్ ఐడీ. అంకెలూ అక్షరాలూ కలిపి 32 ఉంటాయి. గేదె చెవికి వేసే పసుపు ట్యాగు మీకు తెలుసు కదా, ఇది ఫోన్‌కు వేసిన ట్యాగు. దాని మీద మన పేరు ఉండదు. కానీ ఆ ట్యాగు ఉన్న ఫోన్ ఎక్కడెక్కడ తిరిగిందో అంతా ఆ నంబరు కింద జమ అవుతూ పోతుంది.

గుంటూరు మిర్చి యార్డులో వేలం చూసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. వ్యాపారి సరుకు చూస్తాడు, పాట పాడతాడు, పాట పోతే చేతులు దులుపుకుని పోతాడు. ఈ వేలంలో అలా కాదు. పాట గెలిచినవాడు ఒక్కడే అయినా, పాడిన ప్రతివాడి దగ్గరా మన చీటీ మిగిలిపోతుంది. ఓడినవాడు కూడా గుప్పెడు కాయలు జేబులో వేసుకుని పోయినట్టు. అసలు ప్రకటనలు కొనే ఉద్దేశమే లేకుండా, ఆ గుప్పెడు కాయల కోసమే పాటకు వచ్చే కంపెనీలు ఉన్నాయి.

ఇంకో దారి కూడా ఉంది. యాప్ తయారు చేసేవాడికి ఒక కంపెనీ డబ్బిచ్చి, ఆ యాప్ లోపల తన ప్రోగ్రాం ముక్క ఒకటి పెట్టించుకుంటుంది. మనం వాన కోసం లొకేషన్ చూడనిస్తే, ఆ ముక్క అదే లొకేషన్‌ను తన యజమానికి చేరవేస్తుంది. ఇలా నాలుగు దిక్కుల నుంచీ పోగుచేసి, మూటకట్టి, అమ్ముకునేవాళ్ళున్నారు. వాళ్ళను డేటా బ్రోకర్లంటారు. మన భాషలో దళారులు. మన పంటకు దళారి ఉన్నట్టే మన నడకకూ దళారి ఉన్నాడు. పంట దళారి మన ముందు నిలబడి బేరమాడతాడు. ఈ దళారి మొహం మనం ఎన్నడూ చూడం.

ఇంతవరకూ వ్యాపారం. ఇందులోకి ప్రభుత్వం ఎలా వచ్చింది?

2018 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. కార్పెంటర్ కేసు అంటారు. దోపిడీల కేసులో ఒక మనిషి ఫోన్ ఎక్కడెక్కడ ఉందో పోలీసులు సెల్ కంపెనీ నుంచి 127 రోజుల రికార్డు తెప్పించుకున్నారు. అందులో 12,898 చోట్ల వివరాలున్నాయి. జడ్జి ఇచ్చిన సోదా వారంటు లేకుండా ఇలా తీసుకోవడం కుదరదని కోర్టు 5–4 తేడాతో చెప్పింది. మనిషి రోజుల తరబడి ఎక్కడికి పోయాడో తెలిస్తే వాడి బతుకంతా తెలిసినట్టే, కాబట్టి దానికి రాజ్యాంగ రక్షణ ఉండాలన్నది ఆ తీర్పు సారం.

మంచి తీర్పే. కానీ అక్కడి ప్రభుత్వ శాఖలు ఒక సందు వెతుక్కున్నాయి. సెల్ కంపెనీని బలవంతంగా అడిగితే కదా వారంటు కావాలి, బజారులో అమ్మకానికి ఉన్నదాన్ని కొంటే వారంటు ఎందుకు అన్నాయి. బడికి పోయే పిల్లాడికి కూడా ఇది తొండి ఆట అని తెలుస్తుంది. కానీ ఆ ఆట ఏళ్ళ తరబడి నడిచింది.

2020 ఫిబ్రవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక దీన్ని బయటపెట్టింది. సరిహద్దు కాపలా శాఖ, వలస చట్టాల అమలు శాఖ కలిసి వెన్‌టెల్ అనే కంపెనీ దగ్గర కోట్లాది ఫోన్ల కదలికల సమాచారం కొంటున్నాయని రాసింది. అందులోనే ఇంకో సంగతి ఉంది. 2018లో ఆరిజోనా రాష్ట్రంలో, మూతపడిన ఒక హోటల్ లోపలి నుంచి మెక్సికోలోకి తవ్విన సొరంగం దొరికింది. దాన్ని కనిపెట్టడంలో ఈ ఫోన్ల సమాచారం పనికొచ్చిందని ఆ పత్రిక రాసింది. పోలీసు రికార్డులో మాత్రం మామూలుగా బండి ఆపి తనిఖీ చేస్తే దొరికాడని ఉంది. సొరంగం తవ్వినవాడిని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. రుజువు ఎక్కడి నుంచి వచ్చిందో రికార్డులో లేకపోతే, రేపు ఏ తప్పూ చేయనివాడు కోర్టులో దాన్ని ఎలా ప్రశ్నిస్తాడు? అసలు ప్రశ్న అది.

అమెరికాలో పౌరహక్కుల కోసం పనిచేసే ఏసీఎల్‌యూ అనే సంస్థ కోర్టుకు పోయి కొన్ని కాగితాలు రాబట్టింది. 2022లో వాటిని ప్రజల ముందు పెట్టింది. 2018లో మూడు రోజుల కాలానికి, నైరుతి అమెరికాలో ఒక్క ప్రాంతం నుంచే 1,13,654 లొకేషన్ వివరాలు అందులో ఉన్నాయి. తాము రోజూ 25 కోట్లకు పైగా పరికరాల నుంచి 1,500 కోట్ల లొకేషన్ వివరాలు సేకరిస్తామని వెన్‌టెల్ తన ప్రచార పత్రంలో చెప్పుకున్నట్టు కూడా వాటిలో ఉంది. ఆ 25 కోట్ల పరికరాల వాళ్ళలో నేరం చేసినవాళ్ళు ఎందరు? ఎవరి మీదా అనుమానం లేకుండానే అందరినీ ఒకే వలలో వేశారు.

ఆ శాఖలను పర్యవేక్షించే ఇన్‌స్పెక్టర్ జనరల్ 2023లో నివేదిక ఇచ్చాడు. వలస శాఖ, సరిహద్దు శాఖ, సీక్రెట్ సర్వీస్ – మూడూ సొంత నిబంధనలు కూడా పాటించలేదని తేల్చాడు. ఒక ఉద్యోగి ఈ సమాచారంతో తన తోటి ఉద్యోగుల కదలికలే చూసుకున్నాడని కూడా అందులో ఉంది. అధికారం చేతిలో పెట్టి లెక్క అడిగేవాడు లేకపోతే ఎంతదాకా పోతుందో చూడండి. దొంగల కోసం కొన్నామన్నది చివరికి పక్క కుర్చీలో వాడి మీదికి తిరిగింది.

ఇది ఢిల్లీ స్థాయి లాంటి పెద్ద శాఖలకే పరిమితం కాలేదు. 2022 సెప్టెంబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఇంకో సంగతి రాసింది. ఫాగ్ డేటా సైన్స్ అనే కంపెనీ చిన్న చిన్న ఊళ్ళ పోలీసులకు కూడా ఇలాంటి సరుకే అమ్మింది. ఏడాది చందా 7,500 డాలర్ల నుంచి మొదలు. ఒక పోలీసు జీపు కన్నా చవక. పాతకాలంలో ఒక మనిషి వెంట నిఘా పెట్టాలంటే మనుషులు కావాలి, బండ్లు కావాలి, పగలూ రాత్రీ కాపలా కావాలి. ఆ ఖర్చే సామాన్యుడికి కొంత రక్షణగా ఉండేది. ఆ రక్షణ పోయింది.

ఇక్కడ కంపెనీలు రెండు మాటలు చెప్తాయి. ఒకటి, ఇందులో పేర్లు లేవు. రెండు, జనం ఒప్పుకునే ఇచ్చారు. ఈ రెండింటికీ మన దగ్గర జవాబు ఉండాలి.

మొదటిది పేర్ల సంగతి. 2019 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక చేతికి ఇలాంటి ఒక మూట చిక్కింది. అందులో 1.2 కోట్ల ఫోన్లకు చెందిన 5,000 కోట్ల లొకేషన్ వివరాలున్నాయి. ఒక్క పేరూ లేదు. అయినా విలేఖరులు మనుషులను పోల్చుకోగలిగారు. రాత్రిళ్ళు ఫోన్ ఉండేది ఇల్లు, పగలు ఉండేది పనిచేసే చోటు. ఆ రెండూ తెలిస్తే మనిషి తెలిసినట్టే. అప్పటి అమెరికా అధ్యక్షుడి భద్రతా సిబ్బందిలో ఒకరిదిగా కనిపించిన ఫోన్ జాడ కూడా అందులో దొరికింది. అంతటి కాపలా ఉన్నచోటే దాగలేదు.

పల్లెలో అయితే ఇది ఇంకా తేలిక. పట్నంలో ఒక అపార్టుమెంటులో వందమంది ఉంటారు. మన దగ్గర ఫోన్ రాత్రి ఏ ఇంటి మీద ఆగిందో, పొద్దున ఏ చేలో ఆగిందో చూస్తే ఇంకేం కావాలి? చేనుకు సర్వే నంబరు ఉంది. సర్వే నంబరు ఉంటే పట్టాదారు పేరు తెలుసుకోవడం ఎంతసేపు? భూమి రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. కేంద్రం పెట్టిన రైతు రిజిస్ట్రీలో ఇప్పుడు మనిషికి ఒక్క 11 అంకెల నంబరు ఇస్తున్నారు. ఒక్కొక్కటిగా చూస్తే ఇవన్నీ పనికొచ్చేవే. కానీ దళారి అమ్మే ఫోన్ జాడను వీటి పక్కన పెట్టి చూసేవాడికి మన పేరు మనం చెప్పక్కర్లేదు. చేను ఎవరిది, నిజంగా చేస్తున్నది ఎవరు అన్నది కూడా అందులో తెలిసిపోతుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పగలను. కౌలు రైతుకు కార్డు ఇవ్వడానికి మాత్రం ఈ సమాచారం ఎవరూ కొనరు.

రెండోది ఒప్పుకోలు సంగతి. 2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే పత్రిక ఒక పరిశోధన బయటపెట్టింది. ముస్లిం ప్రో అని ఒక యాప్ ఉంది. నమాజు వేళలు, మక్కా ఏ దిక్కున ఉందో చెప్పే యాప్. అప్పటికే 9.8 కోట్లకు పైగా సార్లు డౌన్‌లోడ్ అయింది. ఆ యాప్ లొకేషన్ సమాచారాన్ని ఎక్స్-మోడ్ అనే కంపెనీకి ఇచ్చింది. ఎక్స్-మోడ్ దాన్ని కాంట్రాక్టర్లకు అమ్మింది. వాళ్ళ ద్వారా అది అమెరికా సైన్యం దాకా పోయింది. గొడవ అయ్యాక ముస్లిం ప్రో ఆ కంపెనీతో తెగతెంపులు చేసుకుంది. అదే బాటలో సమాచారం పోయిన మిగతా యాప్‌లలో తుఫాను జాడ చెప్పే యాప్ ఒకటి, గోడకు చెక్క సమంగా ఉందో లేదో చూసుకునే మట్టం యాప్ ఒకటి ఉన్నాయి. నమాజు వేళ తెలుసుకునేవాడు, తుఫానుకు భయపడేవాడు, వడ్రంగి పని చేసుకునేవాడు – వీళ్ళలో ఎవరు సైన్యానికి తమ జాడ ఇస్తామని ఒప్పుకున్నారు? ఏదో అడిగితే ‘అలో’ అని నొక్కారు. మన ఊళ్ళలో లోన్ యాప్‌ల వల్ల మానం పోయి, ప్రాణాలు తీసుకున్న కుటుంబాలను అడగండి, ఆ ఒక్క నొక్కుడు విలువ ఎంతో చెప్తారు. నొక్కకపోతే యాప్ తెరుచుకోదు, నొక్కితే ఒప్పుకున్నట్టు. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్న షావుకారుకూ దీనికీ తేడా ఏముంది?

ఇక మనకు, సంఘంలో పనిచేసేవాళ్ళకు, నేరుగా తగిలే విషయానికి వస్తాను.

2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య మీద అమెరికాలో లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. మొబైల్‌వాలా అనే కంపెనీ ఆ ప్రదర్శనలకు వచ్చిన 16,902 ఫోన్లను తీసుకుని, నాలుగు నగరాల్లో వచ్చినవాళ్ళ వయసెంత, ఆడా మగా, ఏ జాతి, స్థానికులా కాదా అని లెక్కలు కట్టి ప్రచురించింది. ఎవరూ దాన్ని ఆ పని చేయమని అడగలేదు. చేయగలమని చూపించుకుంది. అంటే ఊరేగింపు మీదుగా ఒక గీత గీసి, ఆ గీత లోపల ఉన్న ఫోన్లన్నీ చూపించమంటే చూపిస్తుంది. ఆ ఫోన్లు రాత్రికి ఏ ఇళ్ళకు పోయాయో కూడా ఆ సరుకులోనే ఉంటుంది.

2024 డిసెంబరులో అక్కడి వ్యాపార నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ మొబైల్‌వాలా మీద, వెన్‌టెల్ మీద, దాని మాతృసంస్థ మీద చర్య తీసుకుంది. వేలంలో పాట గెలవకపోయినా సమాచారం దాచుకుందని మొబైల్‌వాలా మీద ఆరోపించింది. కొన్ని చోట్లకు వెళ్ళిన మనుషుల సమాచారం అమ్మకూడదని గిరి గీసింది. ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాలు, జైళ్ళు ఆ జాబితాలో ఉన్నాయి. వాటి పక్కనే కార్మిక సంఘాల కార్యాలయాలు కూడా ఉన్నాయి. గమనించండి. సంఘం ఆఫీసుకు ఎవరు వచ్చి పోతున్నారన్నది, డాక్టరు దగ్గరికి ఎవరు పోయారన్నంత సున్నితమైన విషయమని ఒక పెద్ద దేశపు నియంత్రణ సంస్థే రాతలో ఒప్పుకుంది. మన సంఘాన్ని మనం అంత విలువైనదిగా చూసుకుంటున్నామా?

మరి మన దేశం సంగతి. మన ప్రభుత్వాలు ఇలా ప్రకటనల సమాచారం కొన్నాయని నేను చెప్పడం లేదు. రుజువు లేని మాట సంఘం వేదిక మీద చెప్పకూడదు. కానీ కొనాలనుకుంటే ఆపేది ఏమిటన్నది అడగవచ్చు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ చట్టంలో 17వ సెక్షన్ చదవండి. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలు చెప్పి, కేంద్రం తాను నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలను చట్టం నుంచే మినహాయించవచ్చు. సబ్సిడీలు, ప్రయోజనాలు ఇచ్చే పేరు మీద, కొన్ని షరతులతో, మళ్ళీ మనల్ని అడగకుండానే మన సమాచారం వాడుకునే వీలు 7వ సెక్షన్‌లో ఉంది. కంచె వేసినవాడే తన పశువుల కోసం దొడ్డిదారి వదులుకున్నాడు.

శాంతిభద్రతలంటే మనకు కొత్త కాదు. 2021 జనవరి 29 రాత్రి నుంచి సింఘు, టిక్రీ, ఘాజీపూర్ శిబిరాల్లో కేంద్రం ఇంటర్నెట్ ఆపేసింది. అక్కడ కూర్చున్నది రైతులు. రైతు రోడ్డెక్కితే అది శాంతిభద్రతల సమస్య అయిపోతుందని ఆనాడే చూశాం. తెలంగాణలో 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైంది. ప్రతిపక్షాల వాళ్ళవీ మరికొందరివీ ఫోన్లు చట్టవిరుద్ధంగా విన్నారన్నది ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. కానీ ఆలోచించండి. మాటలు వినాలంటే హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు కావాలని ఒక నియమం ఉంది కాబట్టే, అది మీరారని కేసు పెట్టడం కుదిరింది. నడకల సమాచారం బజారులో కొంటే మీరడానికి నియమమే ఉండదు. కేసు ఏ సెక్షన్ కింద పెడతాం?

ఇప్పుడు ఏం చేయాలి?

ముందు ఇవాళే చేయగలిగినది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి పోయి, గూగుల్ అన్నచోట నొక్కి, యాడ్స్ అన్నది వెతకండి. అందులో అడ్వర్టైజింగ్ ఐడీని తీసేసే వీలుంది. కొన్ని ఫోన్లలో ఇది ప్రైవసీ అన్నచోట ఉంటుంది. తీసేస్తే డబ్బు పోదు, ఫోన్ ఆగదు. ఐఫోన్ ఉన్నవాళ్ళకు 2021 ఏప్రిల్ నుంచి ప్రతి యాప్ వెంబడించనా అని అడుగుతుంది, వద్దని చెప్పండి. లొకేషన్ అడిగిన యాప్‌కు ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అని ఇవ్వండి. ధరలు చూసుకునే యాప్‌కు మన చేను ఎక్కడుందో ఎందుకు? వాడని యాప్‌లు తీసేయండి. ఈ పని చేయడం రానివాళ్ళకు మన కుర్రవాళ్ళు భోజనాల వేళ చేసిపెడతారు.

కానీ ఇది చేసి బయటపడ్డామని అనుకోవద్దు. సెల్ టవర్‌కు మన జాడ తెలుస్తూనే ఉంటుంది. ఐడీ తీసేసినా దళారులకు వేరే దారులున్నాయి. ఒక్కొక్క రైతు తన సంచి పట్టుకుని మార్కెట్టుతో పోరాడలేడు కాబట్టే సంఘం పెట్టుకున్నాం. ఇదీ అంతే. చట్టం మారాలి.

మారుతుందా అంటే, మారుతోంది. వారంటు లేకుండా ఇలాంటి సమాచారం ప్రభుత్వం కొనకూడదన్న బిల్లు 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రతినిధుల సభలో 219–199 ఓట్లతో నెగ్గింది. రెండు పార్టీల వాళ్ళూ కలిసి ఓటు వేశారు. సెనేట్‌లో ఆగిపోయింది. కానీ 2025లో గోధుమలు, పశువుల మీద బతికే మోంటానా రాష్ట్రం అలాంటి చట్టం తన మటుకు తాను చేసుకుంది. పెద్ద సభ చేయలేనిది ఒక రైతు రాష్ట్రం చేసింది.

అందుకే ఈ తరగతి నుంచి మూడు డిమాండ్లు తీర్మానంగా పోవాలని ప్రతిపాదిస్తున్నాను. కోర్టు అనుమతి లేకుండా ప్రభుత్వ శాఖ ఏదీ ఫోన్ల లొకేషన్ సమాచారాన్ని కొనకూడదని చట్టం రావాలి. ప్రభుత్వం రైతులకు ఇచ్చే యాప్‌లలో ప్రకటనల కంపెనీల ప్రోగ్రాం ముక్కలు ఉండకూడదు, ఉన్నాయో లేదో బయటివాళ్ళు పరీక్షించి చెప్పాలి. రైతు రిజిస్ట్రీ సమాచారం ఏ ప్రైవేటు కంపెనీతో పంచుకున్నారో ప్రతి ఏడాదీ మండలం వారీగా ప్రకటించాలి. దీనితో పాటు మన సంఘం కూడా ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. సభ్యుల జాబితాలు, ధర్నాకు వచ్చినవాళ్ళ పేర్లు దారిన పోయే యాప్‌లో ఎక్కించకూడదు.

ఎవరి పొలం గట్టు వాళ్ళు దాటినా పంచాయితీ పెట్టే ఊళ్ళు మనవి. మన బతుకు గట్టు దాటి లోపలికి వచ్చినవాడిని అడగడానికి మాత్రం మొహమాటం ఎందుకు? అడుగుదాం. ప్రశ్నలుంటే ఇప్పుడు చెప్పండి, తెలిసినంతవరకు జవాబిస్తాను. సెలవు.